రాజమండ్రి శివార్లలో ఇల్లు, స్థలం, అద్దె: మా కొట్టుకొచ్చి రోజూ అడిగే ప్రశ్నలు

మాది బొమ్మూరు దగ్గర చిన్న కొట్టండి. జిరాక్సు, ఈసీ (స్థలం మీద పాత అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) తీయించడం, దస్తావేజులు రాయడం, గ్రామ, వార్డు సచివాలయంలో ఇచ్చే అప్లికేషన్లు నింపడం, ఇదే పని. పొద్దున్న షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచీ అవే ప్రశ్నలు, చెప్పి చెప్పి గొంతు పోతోంది, మా అమ్మాయి "ఒకసారి రాసి పెట్టెయ్ నాన్నా, అడిగినోళ్లకి లింకు పంపేద్దాం" అంది, అందుకని కూర్చుని టైప్ చేస్తున్నా. మధ్యలో నా అభిప్రాయాలు కూడా దూరిపోతాయి, ఏమనుకోకండి.

బొమ్మూరు, హుకుంపేట ఇవన్నీ రాజమండ్రే కదా? మళ్లీ శివారు అంటారేంటి?

పెళ్లి శుభలేఖ మీద రాజమండ్రే అండి, ఇంటి పన్ను రసీదు మీద మాత్రం పంచాయతీ. ఊరికి పడమట గోదారి, అటు పెరగడానికి చోటు లేదు, వంతెన దాటితే కొవ్వూరు. అందుకని ఊరు తూర్పుకి హైవే దాటి బొమ్మూరు, హుకుంపేట, పిడింగొయ్యి వైపు, కింద ధవళేశ్వరం వైపు, పైన కాతేరు, కొలమూరు వైపు పాక్కుంటా పోయింది. 2011 లెక్కల్లో కార్పొరేషన్ లోపల సుమారు 3.4 లక్షల మంది, చుట్టుపక్కలవి కలిపితే దగ్గర దగ్గర 4.76 లక్షలు. అంటే అప్పటికే నలుగురిలో ఒకరు గీతకి బయటే ఉన్నారు. తర్వాత 2021లో జరగాల్సిన లెక్కలు 2027కి పోయాయి, కాబట్టి ఇప్పుడు ఎంత మంది అని ఎవరు ఖచ్చితంగా చెప్పినా నమ్మకండి, అందరిదీ ఊహే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక తూర్పుగోదావరి కలెక్టరేట్ కాకినాడ నుంచి మా బొమ్మూరు వచ్చేసింది. ఆ రోజు దాకా మా కొట్టు ముందు ఒక్క టీ బండి, ఇప్పుడు నాలుగు. అద్దెలు ఎందుకు పెరిగాయో మొదటి క్లూ అదే.

జనం ఇంతలా పెరిగిపోతే ఇళ్లు ఎలా సరిపోతాయండి?

ఇక్కడే అందరూ పొరబడతారు. జనం పెద్దగా పెరగట్లేదు. 2001 నుంచి 2011 దాకా పదేళ్లలో పాత తూర్పుగోదావరి జిల్లా జనాభా పెరిగింది 5 శాతం పైచిలుకు, అవతల పశ్చిమగోదావరిలో అయితే 3.5 శాతమే. అప్పటి ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద 11 శాతం దాకా ఉంది, దాంట్లో మనం సగం కూడా లేం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో ఒక ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలు, జనాభా తగ్గకుండా ఉండాలంటేనే 2.1 కావాలంట. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే సర్పంచ్‌గా పోటీ చెయ్యకూడదని ఒకప్పుడు రూలు ఉండేది కదా, దాన్ని 2024లో తీసేశారు, అంత కంగారుగా ఉంది గవర్నమెంటుకి.

మరి ఇళ్లెందుకు చాలట్లేదు అంటే, పెరిగింది పొయ్యిలండి. మా తాతగారిది ముమ్మిడివరం అవతల లంక (గోదారి మధ్య దిబ్బ) ఊరు, ఒక పెంకుటింట్లో ఒకే పొయ్యి మీద పదకొండు మందికి వండేవోళ్లు. ఆ పదకొండు మంది సంతానం ఇప్పుడు ఏడు చోట్ల ఉన్నారు, హైదరాబాదులో రెండు, మస్కట్‌లో ఒకటి, ఇక్కడ హుకుంపేటలో రెండు ఫ్లాట్లు, అమలాపురంలో ఒకటి, ఊళ్లో మా పిన్ని ఒక్కత్తే ఆ పెంకుటింట్లో. మనుషుల్ని లెక్కేస్తే అటూ ఇటూగా అంతే, ఇళ్లు మాత్రం ఒకటికి ఏడు అయ్యాయి. దీన్ని ఏ ఊరికైనా వేసుకోండి, లెక్క తేలిపోద్ది.

కొత్తగా వస్తున్నోళ్లు ఎవరు?

కోనసీమ నుంచి, కడియం, మండపేట, రామచంద్రపురం చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లల చదువు కోసం వచ్చినోళ్లే ఎక్కువ. చేలు కౌలుకి ఇచ్చేసి ఇక్కడ రెండు గదులు అద్దెకి తీసుకుంటారు, తండ్రి వారంలో నాలుగు రోజులు ఊళ్లో, మూడు రోజులు ఇక్కడ. గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్లు కూడా చాలా ఉన్నాయి, కోనసీమ నుంచి కువైట్, మస్కట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు పదేళ్లు దాచిన డబ్బుతో ఇక్కడ స్థలం కొంటారు, వాళ్లవి నేను రాసిన దస్తావేజులే చాలా ఉన్నాయి, అందరికంటే జాగ్రత్తగా కాగితాలు చూసుకునేది వాళ్లే. పోలవరం ముంపులో ఇల్లు పోయిన దేవీపట్నం వైపు వాళ్లు కొంతమంది ప్యాకేజీ డబ్బుతో ఇటు వచ్చారు.

ఇంక పనికి వచ్చేవాళ్లు. తాపీ పని శ్రీకాకుళం, విజయనగరం వాళ్లది ఎప్పట్నుంచో. సెంట్రింగ్‌కి బెంగాల్, ఒడిశా కుర్రాళ్లు. రైసు మిల్లుల్లో హమాలీలు బీహార్ వాళ్లు, టైల్స్, మార్బుల్ పనికి యూపీ, రాజస్థాన్. ఆఖరికి వరినాట్లకి కూడా బెంగాల్ నుంచి బ్యాచ్‌లు దిగుతున్నాయి, కాటన్ దొర ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచీ డెల్టాకి పని కోసం ఎవరో ఒకరు వస్తానే ఉన్నారు, ఇప్పుడు భాష మారింది అంతే. సాయంత్రం ఆరింటికి మా సందులో కూరగాయల బండి దగ్గర నిలబడితే "భయ్యా, టమాటర్ కిత్నా" అంటే మా కూరగాయల సత్తెమ్మ తడుముకోకుండా "తీస్ రూపే" అని చెప్తది, ఆవిడ బడికి పోలేదు.

రేట్లు పెరిగింది ఈ బయటోళ్ల వల్లే కదా?

రోజుకి ఇద్దరైనా అంటారు ఈ మాట. ఒక్కటి ఆలోచించండి, ఎనిమిది మంది కలిసి రేకుల షెడ్డులో పడుకునే సెంట్రింగ్ కుర్రాడు మీ గజం రేటు ఎలా పెంచుతాడండి? రేట్లు పెంచింది స్థలం కొని రాళ్లు పాతి వెళ్లిపోయినోళ్లు. మా కొట్టు వెనకాల వెంచర్‌లో సాయంత్రం లైట్లు వెలిగే ఇళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ తుమ్మ మొక్కలు, ఓనర్లు అమెరికాలోనో బెంగుళూరులోనో. దానికి తోడు కలెక్టరేట్, హైవే, ఎయిర్‌పోర్టు, పుష్కరాలు అని ప్రతి దానికీ బ్రోకర్లు ఒక మెట్టు పైకి ఎక్కించడం. ఖాళీ స్థలాలు ఉండి, ఇళ్లు లేక జనం ఇబ్బంది పడటం ఒకే సందులో కనపడుద్ది ఇక్కడ. కూలీలు వెళ్లిపోతే స్లాబు వేసే నాథుడు లేడు, ఇల్లు ఇంకా ఖరీదవుద్ది, అది మాత్రం గ్యారంటీ.

గవర్నమెంటు ఇచ్చేది సెంటా, రెండు సెంట్లా, మూడా? అసలు సెంటంటే ఎంత?

సెంటంటే 48.4 గజాలు, అడుగుల్లో 435.6. వంద సెంట్లు ఎకరం. 2020 డిసెంబర్ 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి ఇచ్చిన పట్టాలు టౌన్లలో సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఇంటికి 1.80 లక్షలు అన్నారు. సెంటులో గోడలు పోగా మిగిలేది ఒక హాలు, ఒక గది, వంటకి మూల, బాత్రూం. డాబా మెట్లు ఎక్కడ పెట్టాలో తెలీక తలపట్టుకున్నోళ్లని చూశా. 2024లో వచ్చిన ప్రభుత్వం టౌన్లలో 2 సెంట్లు, పల్లెల్లో 3 సెంట్లు అంది. మీ ఏరియా టౌను కిందకొస్తదా పల్లె కిందకొస్తదా అన్నది సచివాలయంలోనే అడగండి, శివార్లలో ఈ గీత దగ్గరే గొడవంతా.

పాత కాలనీల్లో సగంలో ఆగిపోయిన ఇళ్లకి 2025లో అదనంగా ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకి లక్ష ఇస్తామన్నారు. పునాది లెవెల్లో ఆగినోళ్లు అది అడగండి.

టిడ్కో ఇల్లు వచ్చింది, తీసుకోవాలా వద్దా?

టిడ్కో అంటే టౌన్లలో పేదలకి గవర్నమెంటు కట్టించిన అపార్టుమెంట్లు. వాటిలో మూడు సైజులు: 300, 365, 430 చదరపు అడుగులు, షీర్ వాల్ పద్ధతిలో కాంక్రీటు గోడలతో కట్టినవి. మనకి బొమ్మూరు, నామవరం వైపు ఉన్నాయి. మొదట్లో 300కి 500 రూపాయలు, 365కి 50 వేలు, 430కి లక్ష కట్టించుకున్నారు, తర్వాత ప్రభుత్వం మారాక 300ది రూపాయి చేసి మిగతా రెండూ సగం చేశారు. పెద్ద సైజులకి బ్యాంకు లోను ఉంటది, ఇల్లు చేతికి రాకుండానే వాయిదా కట్టమని నోటీసులు వచ్చినోళ్లు రాష్ట్రమంతా ఉన్నారు, కాబట్టి లోను కాగితం ఫైల్లో జాగ్రత్తగా పెట్టుకోండి, ఎంత కట్టారో రసీదులతో సహా.

తీసుకోండి అనే చెప్తా నేను. గోడ గట్టిగా ఉంటది, గాలివానకి భయం లేదు. కానీ కాంక్రీటు గోడ కాబట్టి మీ ఇష్టానికి కొట్టి కిటికీ పెడతానంటే కుదరదు, ఆ గోడే బిల్డింగుని మోసేది. ఒకాయన డ్రిల్లు పట్టుకుని అల్మరా కోసం మొదలుపెట్టాడు, పక్కింటోళ్లు అందరూ కలిసి ఆపారు.

పై అంతస్తు వస్తే, లిఫ్టు లేని జీ ప్లస్ 3 (కింద ఒకటి, దాని మీద మూడంతస్తులు), ఇంట్లో ముసలోళ్లుంటే ముందే ఆలోచించుకోండి.

దూరం ఎక్కువ, తక్కువ ధరకి వస్తుంది. పర్లేదా?

కాగితం తీసుకుని లెక్క వెయ్యండి. ఒక చెల్లెమ్మ తాడితోట బట్టల హోల్‌సేల్ షాపులో పని చేస్తది, ఊళ్లో కోటిపల్లి బస్టాండు దగ్గర ఒక గది అద్దె, ఊరి బయట గవర్నమెంటు కాలనీలో ఇల్లు వచ్చింది, అద్దె మిగులుద్ది కదా అని వెళ్లింది. రాను పోను షేర్ ఆటోకి రోజుకి 60 అనుకోండి, 26 రోజులకి 1,560. పిల్లాడిది ఇంకో ఆటో. రాత్రి షాపు కట్టేసరికి తొమ్మిదిన్నర, ఆ టైముకి షేర్ ఆటో దొరకదు, మొత్తం ఆటో మాట్లాడుకోవాలి. రెండు నెలలు చూసి ఇంటికి తాళం వేసి మళ్లీ ఆ గదికే వచ్చేసింది. ఇప్పుడు ఎవరైనా వెరిఫికేషన్‌కి వస్తే "ఇంట్లో ఉండట్లేదు, అర్హత లేదు" అని రాస్తారేమో అని భయం. ఆవిడకి అర్హత లేక కాదు కదండీ, బస్సు లేక.

అందుకని ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం బైకు మీద వెళ్లకండి. మామూలు రోజు, మీరు డ్యూటీ దిగే టైముకి, మీరు రోజూ వెళ్లే ఆటోలోనే వెళ్లి చూడండి.

ప్రైవేటు వెంచర్‌లో స్థలం కొంటున్నాం, ఏం చూడాలి?

కాగితాలు ముందు చెప్పేస్తా, తర్వాత నీళ్ల సంగతి, అసలు మోసం అక్కడే.

లేఅవుట్‌కి అప్రూవల్ నంబరు ఉందా, అది ఆ సర్వే నంబర్లన్నిటికీ ఉందా. కొన్ని వెంచర్లలో సగానికే ఉంటది, బ్రోచర్ మీద మాత్రం అంతా ఒకటే రంగు. ఈసీ కనీసం 30 ఏళ్లకి తియ్యండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, ఉంటే రిజిస్ట్రేషనే అవ్వదు. పాత వెంచర్ అయితే పొలం కింద ఉన్నదాన్ని ఇళ్ల స్థలంగా మార్చిన కాగితం అడగండి. ఖర్చు లెక్కలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం కలుపుకోండి, చాలామంది ఇది మర్చిపోయి ఆఖరి రోజు చెవి దుద్దులు తాకట్టు పెడతారు.

ఇప్పుడు నీళ్లు. నేను దస్తావేజులు రాసేవాణ్ణే, అయినా మోసపోయాను. పదేళ్ల కింద ఏప్రిల్‌లో ఒక వెంచర్‌లో 150 గజాలు కొన్నా, దాళ్వా (రెండో పంట వరి) కోసేశాక చేను ఎండిపోయి సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంది, తెల్ల రాళ్లు, ఆర్చీ, కొబ్బరి బొండాలు ఇచ్చారు. శ్రావణంలో ఇల్లు మొదలుపెడదామని వెళ్తే నా స్థలం ఏదో తెలీలేదు, రాళ్లు మునిగిపోయాయి, కొంగలు తిరుగుతున్నాయి. వెంచర్ వాళ్లు పక్కనున్న బోదె (చిన్న కాలువ) పూడ్చేసి రోడ్డు వేశారు, పైచేల నీళ్లు దిగే దారి అదే, ఇంకెక్కడికి పోతాయి? ఫోన్ చేస్తే "సార్, సీజన్ కదా" అన్నాడు. నాకు తెలీదా సీజనని.

అందుకని డెల్టాలో స్థలం ఎప్పుడూ సార్వాలో చూడాలి, ఆషాఢ శ్రావణాల్లో, రెండ్రోజులు వాన పడ్డాక. ఆ ఊళ్లో అరవై దాటిన రైతుని పట్టుకుని ఈ చేను మెరకా పల్లమా, నీళ్లు ఎటు దిగుతాయి అని అడగండి, టీ ఖర్చుతో తేలిపోద్ది. ఊరి పేర్లూ, చేల పేర్లూ కూడా చెప్తాయి. ఆవ అని పేరులో ఉందంటే అది నీళ్లు నిలబడే పల్లం అని మన పెద్దోళ్లు అప్పుడే చెప్పారు. కోరుకొండ మండలం బూరుగుపూడి వైపు ఆవ భూముల్లో పేదలకి స్థలాలు ఇవ్వబోతే మునుగుతాయని హైకోర్టు దాకా వెళ్లింది. అది కోర్టుకెళ్లాక కాదు, ఆ పేరు వింటేనే తెలియాల్సింది.

ఇంకోటి, గోదారి వరద వేరు, శివారు ముంపు వేరు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది, 1986లో 35 లక్షలు వచ్చింది, అది లంకల వాళ్లకి పెద్ద గండం. మన శివార్లలో మునిగేది ఎక్కువగా వాన నీటికే. గోదారి నిండుగా ఉన్నప్పుడు ఊళ్లో వాన నీరు గోదాట్లోకి దిగదు, తూములు మూసేస్తారు, వెనక్కి తన్ని ఆవ చానల్ పక్కనున్న సందుల్లోకి ఎక్కుద్ది.

ఎంత మెరక చెయ్యాలి? పునాది ఎలాంటిది?

రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు అని మేస్త్రి అంటాడు. రోడ్డు కూడా ఐదేళ్లకోసారి పైకి లేస్తది, పాత రోడ్డు తవ్వకుండా మళ్లీ వేస్తారు కాబట్టి. మూడు అనుకోండి. గ్రావెల్ రాజానగరం వైపు నుంచి టిప్పర్లలో వస్తది, బుసక (ఇసక మన్ను) అయితే గోదారి వైపు నుంచి. ఈ ఖర్చు స్థలం రేటులో ఎవరూ చెప్పరు, పల్లంలో చవగ్గా కొన్న స్థలం మెరక చేసేసరికి మెరక స్థలం రేటే అవుద్ది. లాలాచెరువు, దివాన్‌చెరువు వైపు ఎర్ర గరప నేల, అక్కడ మామూలు పునాది నడుస్తది. కింద ధవళేశ్వరం, కడియం వైపు రేగడి, ఎండాకాలం బీటలు, వానాకాలం ఉబ్బు, అక్కడ పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) అడగండి, ఇంజనీరుకి ఇచ్చే డబ్బు దగ్గర పిసినారితనం వద్దు.

పట్టా స్థలం ఎవరో అమ్ముతున్నారు, సగం రేటుకి. కొనచ్చా?

వద్దు. గవర్నమెంటు ఇచ్చిన ఇంటి స్థలం పదేళ్లు దాటకుండా అమ్మడానికి లేదు, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఒప్పుకోదు. నోటరీ చేయించి వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టుకున్నా అది మీకు హక్కు ఇవ్వదు, రిజిస్ట్రేషన్ కాని అమ్మకం అమ్మకం కాదు. "అందరూ చేస్తున్నారు కదండీ" అంటారు. అందరూ ఇరుక్కున్నాక మళ్లీ మా కొట్టుకే వస్తారు, నేను అప్పుడు కూడా ఏమీ చెయ్యలేను.

కొత్త పీఎంఏవైకి ఎవరు అర్హులు?

2024 సెప్టెంబర్‌లో మొదలైన పట్టణ పీఎంఏవై 2.0 (ప్రధానమంత్రి ఆవాస్ యోజన, కేంద్రం ఇళ్ల పథకం) గురించి కదా. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఒక గ్రూపు, 6 లోపు ఇంకోటి, 9 లోపు ఇంకోటి. దేశంలో ఎక్కడా మీ పేరున, భార్యాభర్తల పేరున, పెళ్లికాని పిల్లల పేరున పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో గవర్నమెంటు ఇల్లు తీసుకుని ఉండకూడదు. ఇక్కడే మనోళ్లు దొరికిపోతారు, నాన్నగారి పేరున ఎప్పుడో ఇందిరమ్మ ఇల్లు వచ్చి ఉంటది, అది మీకు లెక్క కాదు, మీకు పెళ్లయి వేరే కార్డు ఉంటే. కార్డు విడగొట్టుకోకపోతే అంతా ఒకే కుటుంబం కింద కొట్టేస్తారు. ఇందాక పొయ్యిలు అన్నా చూడండి, పొయ్యి వేరు పడ్డా రేషన్ కార్డు వేరు పడకపోతే గవర్నమెంటుకి మీరు లేనట్టే.

లోనుతో కొనుక్కునే వాళ్లకి వడ్డీ రాయితీ ఉంది, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉండాలి, మొదటి 8 లక్షల మీద 4 శాతం, మొత్తం మీద 1.80 లక్షల దాకా, ఐదు వాయిదాల్లో పడతది. ఇంట్లో ఆడవాళ్ల పేరు పెట్టండి, అన్ని విధాలా మంచిది.

అద్దె ఇల్లు అడిగితే "మీరేవిటండీ?" అంటున్నారు. ఏం చెప్పాలి?

తెలుసు. "మీది ఏ ఊరు, ఇంటి పేరేంటి, నాన్‌వెజ్ వండుతారా" అని మూడు మెట్లు దిగి కులం దగ్గరికి వస్తారు. చట్టం గురించి చెప్పమంటే నా దగ్గర బలమైన సమాధానం లేదు, రాతపూర్వకంగా ఎవరూ ఏమీ పెట్టరు, "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశాం" అంటారు అంతే. నాకు తెలిసి ఒక నర్సమ్మ, రెండేళ్లలో పద్నాలుగు ఇళ్లు చూసింది, జీతం బాగానే వస్తది, ఇంటి పేరు చెప్పగానే ఖాళీ లేదు. ఆఖరికి వైజాగ్‌లో ఉండే ఓనరు ఒకాయన ఫోన్‌లోనే ఇచ్చేశాడు, ఆయనకి అద్దె టైముకి పడితే చాలు. అందుకే ఆవిడలాంటి వాళ్లకి నేను చెప్పేది, ఓనరు కింద పోర్షన్‌లో ఉండే ఇల్లు వదిలేసి, ఓనరు దూరంగా ఉండే ఇల్లు వెతకండి అని. సిగ్గుపడాల్సింది మనం కాదు, కానీ తల మీద కప్పు ముందు కదా.

ఓనర్లకి ఒక మాట. పై పోర్షన్ ఏడాదిగా ఖాళీగా ఉంచుకుని కింద నుంచి అద్దెలు పడిపోయాయి అని ఏడిస్తే ఎలాగండి?

అగ్రిమెంటు 11 నెలలే ఎందుకు అని కూడా అడుగుతారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి, అందుకు. రాసుకోండి, నోటిమాట మీద వద్దు. ఇద్దరికీ ఒక్కో కాపీ.

పిల్లలు అమెరికాలో ఉన్నారు, మేమిద్దరమే పెద్దోళ్లం. పెద్ద ఇల్లు అమ్మేసి చిన్నది తీసుకోవాలా?

మూడు బెడ్రూములు తుడుచుకోలేక బాధపడే వాళ్లు మన శివార్లలో వీధికి నలుగురు ఉన్నారు, పక్క సందులో ఐదుగురు ఒక గదిలో ఉంటారు. అమ్మక్కర్లేదు, పై పోర్షన్ ఒక మంచి కుటుంబానికి తక్కువ అద్దెకి ఇవ్వండి, రాత్రి పూట గుండెల్లో పట్టేస్తే ఆటో పిలిచేది వాళ్లే, మీ అబ్బాయి వీడియో కాల్‌లో చూడగలడు గానీ నీళ్లు అందించలేడు.

బయట రాష్ట్రం వాళ్లకి ఇక్కడ రేషన్ వస్తదా? పిల్లల్ని బళ్లో చేర్చుకుంటారా?

వాళ్ల ఊరి కార్డు మీదే ఇక్కడ వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అన్ని రాష్ట్రాల్లో ఉంది. ఆధార్ లేదని పిల్లల్ని బళ్లో చేర్చుకోకుండా వెనక్కి పంపెయ్యకూడదు. పిల్లలు తక్కువై మూతపడే స్థితిలో ఉన్న సర్కారు బళ్లకి నిజానికి ఈ పిల్లలే ప్రాణం. ఆరు నెలల్లో తెలుగు వచ్చేస్తది వాళ్లకి, ఆ తర్వాత వాళ్లమ్మకి మా కొట్టులో ట్రాన్స్‌లేటర్లు వాళ్లే.

కార్పొరేషన్‌లో కలిపేస్తే పన్ను పెరుగుద్దా?

పెరుగుద్ది. డ్రైనేజీ కూడా వస్తే గొడవ లేదు. విలీనం మాట ఎప్పట్నుంచో నానుతోంది, ఆ పేచీ తేలక 2021లో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగితే రాజమండ్రిలో జరగనే లేదు.

పుష్కరాల దాకా ఆగి కొనాలా, ఇప్పుడే కొనాలా?

2027లో పుష్కరాలు. బ్రోకరు ముందు కొనమంటాడు, నేను ఈసీ వచ్చాక కొనమంటా.

కొనే స్తోమత లేదు, ఇక్కడ శాశ్వతంగా ఉంటామో లేదో తెలీదు. మాలాంటి వాళ్లకి గవర్నమెంటు ఏమైనా కడుతుందా?

ఇన్ని ప్రశ్నల్లో నాకు నచ్చింది ఇదే, అడిగేది మాత్రం బాగా తక్కువ మంది. సెంట్రింగ్ కుర్రాడికి, తాడితోట షాపులో పిల్లకి, మొదటి ఉద్యోగంలో ఉన్న నర్సుకి, పిల్లల చదువయ్యే దాకా ఉండే కోనసీమ తల్లికి పట్టా అక్కర్లేదు, పనికి దగ్గర్లో, కులం అడగని, అద్దె భరించగలిగే గది కావాలి. ఏ పార్టీ వచ్చినా సెంటు ఇస్తాం, రెండు ఇస్తాం, ఇల్లు ఇస్తాం అంటారు, అద్దె గది మాట ఎవరూ ఎత్తరు, గృహప్రవేశానికి రిబ్బను కత్తిరించినట్టు అద్దె గదికి కత్తిరించలేరు కాబోలు. కాగితం మీద అయితే ఉంది, పీఎంఏవై 2.0లో నాలుగు భాగాలుంటే ఒకటి తక్కువ అద్దె ఇళ్లది, పని చేసేవాళ్లకి, చదువుకునేవాళ్లకి, ఒంటరి ఆడవాళ్లకి. టిడ్కోలో తాళాలు పడి ఉన్న బ్లాకులు కొన్ని దానికి వాడినా చాలామందికి సరిపోద్దని నా అభిప్రాయం, నా మాట ఎవరు వింటారు లెండి.

ఆ స్కీము కింద ఇక్కడ అప్లికేషన్ పట్టుకుని మా కొట్టుకి ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు. వస్తే మాత్రం జిరాక్సుతో సహా ఫ్రీగా నింపి పెడతా.